పాడి రైతు దగ్గర ఉండవలసిన చాకు

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలు పోసే సభ్యులు పాల్గొన్న శిక్షణ సమావేశంలో పాల సేకరణ విభాగపు విశ్రాంత పర్యవేక్షకులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షులవారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. "దాణా గురించి, వెన్న శాతం గురించి పొద్దుటి నుంచీ వింటున్నారు. మీరు మరేదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. మడత చాకు. నవ్వకండి. ఇంత పెద్ద సభలో చాకు గురించి చెప్పడానికి ఏముందని అనుకునేవారు ముందు తమ జేబు గాని, రొంటి గాని ఒకసారి తడిమి చూసుకోండి. ఇప్పుడు చాకు ఎందరి దగ్గర ఉంది? చేతులెత్తమని అడగను. ఎత్తేవారు పదిమంది కూడా ఉండరని నాకు తెలుసు.

ఒక తొలిచూలు పెయ్య సంగతి

1989వ సంవత్సరం, కార్తీకమాసం. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. ఒక ఊళ్ళో ఉదయం పాల సేకరణ చూడటానికి వెళ్ళాను. రాత్రంతా తుంపర పడి నేల జారుడుగా ఉంది. వరుసలో సగంమంది ఇంకా పాలు పోయనేలేదు. ఒక సభ్యురాలు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, "బాబూ, మా పెయ్యకి ఉరి పడింది, రండి" అని కేక వేసింది. నలుగురం పరుగెత్తాం.

గేదె పెయ్య. తొలిచూలు, ఏడో నెల సూడి. కాలు జారి గాడికి అవతలి పక్క పడింది. మెడ పలుపు గాడి కొయ్యకు అడ్డంపడి బిగిసింది. పలుపు నైలానుది. పశువు బరువంతా దానిమీదే ఉంది. ముడి తడిసి రాయిలా అయిపోయింది. ఇద్దరు మెడ ఎత్తబోయారు. అంత బరువున్న పశువును జారుడు నేల మీద నిలబడి ఎవరు ఎత్తగలరు? కొడవలి పొలంలో ఉంది. కత్తిపీట తెమ్మని పిల్లవాణ్ణి ఇంట్లోకి తోలారు.

నా సంచిలో చాకు ఉంది. అదే నేను మీకు చెప్పదలచుకున్నది. జాతరలో ముచ్చటపడి కొన్న చాకు. అందులో సీసా మూత తీసేది, మరలు తిప్పేది, చిన్న కత్తెర, అన్నీ కలిపి ఎనిమిది పనిముట్లు. స్నేహితులకు చూపించి మురిసిపోయేవాణ్ణి. ఆ రోజు సంచి అడుగు నుంచి దాన్ని వెతికి తీసేసరికే కొంత సమయం పోయింది. కీలు తుప్పుపట్టి బిగిసి ఉంది. గోటితో లాగి తెరవాలి. చేతులు తడి. గోరు విరిగింది. పళ్ళతో పట్టి తెరిచాను. పలుపు మీద పెడితే తెగదు, జారుతుంది. గట్టిగా నొక్కాను. బ్లేడు వెనక్కి మడిచి వేలిమీద పడింది. ఇదిగో, ఈ చూపుడువేలి మీది మచ్చ ఆనాటిదే. పిల్లవాడు కత్తిపీట తెచ్చేసరికి పెయ్య కాళ్ళు కొట్టుకోవడం మానేసింది.

పుట్టిన నాటి నుంచి మూడున్నరేళ్ళు మేపుకొచ్చిన పెయ్య. మరి మూడు నెలల్లో ఈని, ఆ ఇంటికి రెండు పూటలా పాలిచ్చేది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తన కొంగు చింపి నా వేలికి కట్టింది. ఆ కట్టు కంటే నాలుగు తిట్లు తిన్నా నాకు బాగుండేది.

చాకు లేకపోవడం వల్ల ఆ పెయ్య పోయిందా? కాదు. చాకు ఉంది. ఆ పనికి పనికిరాని చాకు అది. అందుచేత చాకు ఉంచుకోండి అని మాత్రమే చెప్పి ఊరుకోను. ఎటువంటి చాకు ఉంచుకోవాలో చెబుతాను.

మొదటి రక్ష ముడి, రెండవ రక్ష చాకు

చాకు మాట ఎత్తేముందు ముడి మాట చెప్పాలి. పశువు మెడ చుట్టూ వేసే ముడి జారేది కాకూడదు. ఎంత లాగినా ఉచ్చు చిన్నది కాకుండా నిలిచి ఉండే ముడి వేయాలి. కట్టుకొయ్య దగ్గర వేసే ముడి మాత్రం కొస పట్టి లాగితే ఊడివచ్చేదిగా ఉండాలి. మనవాళ్ళు చాలామంది దీన్ని తారుమారు చేస్తారు. మెడ దగ్గర జారుముడి, కొయ్య దగ్గర మొండిముడి. ఈ రెండూ కలిస్తే ఉరితాడే. పలుపు పొడవు కూడా పశువు పడుకుని లేవడానికి సరిపోయేంత ఉండాలి. కాళ్ళకు చుట్టుకునేంత పొడవు మాత్రం ఉండకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తడిసిన ముడి ఒక్కోసారి ఊడిరాదు. పశువు బరువు పడ్డ ముడిని బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు. ఆ ఒక్క నిమిషం కోసమే చాకు. మిగతా రోజుల్లో దాణా బస్తా కుట్టు కోయడానికి, గడ్డిమోపు కట్టు కోయడానికి, కొత్త తలుగు కొస సరిచేయడానికి, దూడ మూతిబుట్టకు పురికొస తెంపడానికి పనికొస్తుంది. రోజూ ఈ చిన్న పనులు చేసే చాకే పదునుగా, కీలు వదులుగా, చేతికి అలవాటై ఉంటుంది. పెట్టెలో దాచిన చాకు నా జాతర చాకు లాంటిదే అవుతుంది.

దుకాణానికి పలుపు ముక్క పట్టుకెళ్ళండి

చాకు కొనడంలో ఉత్తమమైన పరీక్ష నాకు నేర్పింది ఎవరో కాదు, ఆ సభ్యురాలే. ఏడాది తిరిగాక ఆమె మరో గేదెను కొని మళ్ళీ పాలు పోయడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆమె రొంటిన ఎర్రదారం కట్టిన చిన్న చాకు కనిపించింది. ఎక్కడ కొన్నావమ్మా అని అడిగాను. పట్నంలో ఇనుపసామాన్ల దుకాణానికి పాత పలుపు ముక్క పట్టుకెళ్ళిందట. "దీన్ని కోసి చూపించు, తెగితే కొంటాను" అందట. దుకాణదారు నవ్వాడట. మూడు చాకులు తిప్పి ఇచ్చేసి నాలుగోది తెచ్చుకుంది. "కంటికి నచ్చింది కాదు బాబూ, తాడుకి నచ్చింది తెచ్చాను" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే మంచి సలహా నేనెవరికీ ఇవ్వలేదు.

కాబట్టి మీ కొట్టంలో వాడే పలుపు ముక్కనే తీసుకెళ్ళండి. జనపతాడు ఏ చాకుకైనా తెగుతుంది. నైలాను తాడు అలా కాదు, నున్నగా జారుతుంది. మీరు వాడేది నైలాను అయితే నైలాను మీదే చూడండి. ఇక ఒక్కొక్క అంశం గమనించండి.

ఒకటి, లాకు. తెరిచిన బ్లేడు దానంతట అది మడవకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఇది. కొన్ని చాకుల్లో ఒట్టి స్ప్రింగు మాత్రమే ఉంటుంది. పండు కోయడానికి, పెన్సిలు చెక్కడానికి అది చాలు. తాడు మీద బలం పెట్టి కోసేవారికి చాలదు. నా వేలే సాక్ష్యం. లాకులు మూడు రకాలవి తరచుగా కనిపిస్తాయి. పిడి వీపు మీద నొక్కి విడిపించేది ఒకటి. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డుపడేది రెండవది. కీలు చుట్టూ ఉంగరం తిప్పి బిగించేది మూడవది.

ఈ ఉంగరం లాకుకు ఒక చరిత్ర ఉంది. ఫ్రాన్సు దేశంలో సవోయ్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడివారికి పాడి, జున్ను తయారీ తరతరాల జీవనాధారం. ఆ ప్రాంతంలో పనిముట్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్య పిడితో ఒక సాదా మడత చాకు చేశాడు. చుట్టుపక్కల రైతులు దాన్ని జేబులో వేసుకున్నారు. బ్లేడు మడవకుండా పట్టి ఉంచే ఉంగరాన్ని 1955లో చేర్చారు. ఆ చాకులు నేటికీ చేస్తున్నారు. వాటిలో ఎక్కువగా వాడుకలో ఉన్న ఎనిమిదో నంబరు బ్లేడు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అందులో పనిముట్ల గుంపేమీ లేదు. ఒక బ్లేడు, ఒక పిడి, ఒక ఉంగరం. పాడి రైతు అవసరం ఇంతే. అయితే దాన్ని గోటి గాడితోనే తెరవాలి, ఆపైన ఉంగరం తిప్పాలి. రెండు చేతుల పని. నేను ఇప్పుడే చెప్పబోయే రెండో పరీక్షలో అది నెగ్గదు. అందుచేత దాని సాదాతనం నేర్చుకోవాలి గాని ఆ పేరే కావాలని పట్టుబట్టనక్కరలేదు.

దుకాణంలో లాకును ఇలా చూడండి. చాకు పూర్తిగా తెరవండి. బ్లేడు మడిచే దారిలో వేళ్ళు లేకుండా పిడిని పట్టుకోండి. బ్లేడు వీపును బల్ల అంచుకు ఆనించి నొక్కండి. కొంచెమైనా కదిలితే తిరిగి ఇచ్చేయండి.

రెండు, ఒంటిచేత్తో తెరవడం. ఆపద సమయంలో మీ రెండో చెయ్యి ఖాళీగా ఉండదు. పశువు కొమ్మునో, పలుపునో, పాలచెంబునో పట్టుకుని ఉంటుంది. మన చేతులు ఎప్పుడూ తడిగానో, నూనెగానో, పేడగానో ఉంటాయి. గోటితో తెరిచే సన్నగాడి ఉన్న చాకు అప్పుడు తెరుచుకోదు. బ్లేడుకు బొటనవేలు ఆన్చే బుడిపెగాని, గుండ్రని బెజ్జంగాని ఉంటే ఒంటిచేత్తో తెరవవచ్చు. అమెరికాలో స్పైడర్కో అనే సంస్థ 1981లో బ్లేడుకు ఈ గుండ్రని బెజ్జం పెట్టి చాకు తెచ్చింది. ఇప్పుడు బుడిపె ఉన్న చాకులు మన పట్టణాల్లోనూ దొరుకుతున్నాయి. కొనేముందు చేతులు నీళ్ళలో తడుపుకుని కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి తెరిచి చూడండి. మీట నొక్కగానే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు కత్తులు మాత్రం వద్దు. రొంటిలో, జేబులో తెరుచుకుంటే ప్రమాదం. చూసినవారికి అనుమానం కూడా.

మూడు, మొన. ఇది చాలామంది ఆలోచించని విషయం. వాడి మొన ఉన్న చాకు చూడటానికి బాగుంటుంది. కాని గింజుకుంటున్న పశువు మెడ దగ్గర ఆ మొన ఎక్కడ గుచ్చుకుంటుందో మనకు తెలియదు. పదునుఅంచు తిన్నగా ఉండి, వీపు కొసన కిందికి వంగి, మొన మొండిగా ఉండే బ్లేడు ఒకటి ఉంది. గొర్రె గిట్ట ఆకారం అని దానికి పేరు. ఓడల్లో తాళ్ళతో పనిచేసే నావికులు దీన్నే వాడేవారు. ఓడ ఊగినప్పుడు తనకు గాని, పక్కవాడికి గాని గుచ్చుకోదు, తాడును మాత్రం కోస్తుంది. మన పనీ తాడుతోనే, మన పశువూ ఊగేదే. ఆ ఆకారం దొరక్కపోతే మామూలు చాకు మొనను కమ్మరి చేత సాన మీద గుండ్రంగా అరగదీయించండి. ఐదు నిమిషాల పని.

నాలుగు, పొడవు. బ్లేడు మూడు అంగుళాలు ఉంటే చాలు. అంతకంటే చిన్నదైతే పలుపు చుట్టూ తిరగదు. నాలుగు దాటితే రొంటిన నిలవదు.

ఐదు, అంచు. రంపపు పళ్ళున్న అంచు నైలానును చప్పున పట్టుకుంటుంది. కొంచెం మొద్దుబారినా కోస్తుంది. కాని ఇంట్లోని సానరాయి మీద దానికి పదును పెట్టడం కష్టం. నున్నని అంచు ఎవరైనా పదును పెట్టుకోవచ్చు, కాని పెట్టుకోకపోతే నైలాను మీద జారుతుంది. నెలకోసారైనా సాన పెట్టే ఓపిక ఉన్నవారు నున్నని అంచు తీసుకోండి. లేదని మీకు మీరే ఒప్పుకోగలిగితే పళ్ళ అంచు తీసుకోండి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

ఆరు, ఉక్కు. మామూలు ఉక్కు సులువుగా పదునెక్కుతుంది. కాని కుడితి, మూత్రం, పాతర గడ్డి పులుపు తగిలితే త్వరగా తుప్పుపడుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. మన స్టీలు గిన్నెలు ఆ జాతివే. ఎప్పుడూ తడిలో ఉండే మన కొట్టాలకు స్టెయిన్‌లెస్ ఉక్కు చాకే మేలు. తుప్పుపట్టదు అంటే అసలు పట్టదని కాదు, ఆలస్యంగా పడుతుందని అర్థం.

ఏడు, పిడి. తడిచేతికి జారకుండా గరుకుగా ఉండాలి. రంగు ఎరుపో, పసుపో, నారింజో ఉండాలి. నలుపు, గోధుమ రంగులు గడ్డిలో పడితే కనిపించవు. కనిపించని చాకు చొప్పతో కలిసి చాఫ్‌కట్టర్‌లోకి పోతే యంత్రం పాడవుతుంది, చెయ్యి పోయినా పోవచ్చు. పిడికి దారం కట్టుకునే బెజ్జం ఉండాలి. మగవారు మొలతాడుకు గాని, పంచె ముడిలో గాని, లాగు జేబులో గాని ఉంచుకోవచ్చు. కొట్టంలో పని ఎక్కువగా చేసేది ఆడవారు. వారికి జేబు ఉండదు. బల్లపరుపుగా ఉండి, మూసినప్పుడు గట్టిగా మూసి ఉండే చాకును దారంతో రొంటిన దోపుకోవాలి. మెడలో మాత్రం వేలాడదీయకండి. పశువు కొమ్ముకు ఆ దారం తగులుకుంటే ఉరి మనకే పడుతుంది.

ఎనిమిది, ధర. పోగొట్టుకుంటే బాధపడి మానేసేంత ధర పెట్టకండి. పోయిన మర్నాడే మరొకటి కొనుక్కోగలిగినదే మీ చాకు.

నా జాతర చాకులాంటి బహుపనిముట్ల చాకుల సంగతి అడగవచ్చు. 1891లో స్విట్జర్లాండు సైన్యం డబ్బా ఆహారం తెరవడానికి, తుపాకీ మరలు విప్పడానికి సైనికులకు అటువంటి చాకు ఇచ్చింది. కార్ల్ ఎల్సెనర్ అనే చాకుల పనివాడు 1897లో దానికి మెరుగైన రూపం తెచ్చాడు. ఆ చాకులు చాలా మంచివి. కాని చిన్న నమూనాల్లో పెద్ద బ్లేడుకు లాకు ఉండదు. ఇంట్లో, కార్యాలయంలో అది ఉంచుకోండి. కొట్టంలోకి వచ్చేటప్పుడు లాకు ఉన్నది తెచ్చుకోండి.

కొట్టంలోకి రాకూడని కత్తి

కాగితాలు, అట్టపెట్టెలు కోసే కత్తి ఒకటి పుస్తకాల దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. సన్నని బ్లేడు మీద గీతలుంటాయి. కొస మొద్దుబారితే ఆ ముక్కను విరిచేస్తే కొత్త కొస వస్తుంది. 1956లో జపానులో యోషియో ఒకాడా దీన్ని కనిపెట్టాడు. చాలా తెలివైన ఏర్పాటు. అచ్చు కార్యాలయంలో, దర్జీ కొట్లో దానికి సాటి లేదు. పశువుల కొట్టంలోకి మాత్రం అది రాకూడదు.

కారణం చెబుతాను. ఆవుగాని గేదెగాని మేతను మనలాగా నమిలి మింగదు. నాలుకతో చుట్టి తీసుకుని గబగబా మింగి, తర్వాత తీరికగా నెమరువేస్తుంది. మేతలో ఇనుపముక్క ఉంటే దానికి తెలియదు. ఆ ముక్క బరువుగా ఉండి పొట్టలోని రెండో అరలో, తేనెపట్టు గోడల్లాంటి గోడలున్న అరలో దిగబడుతుంది. ఆ అరకు ముందుపక్కనే, ఒక పలుచని పొరకు అవతల గుండె ఉంటుంది. పొట్ట కదలికతో, సూడి బరువు ఒత్తిడితో, ఈనేటప్పటి ముక్కుతో ఆ ముక్క గోడను పొడుచుకుని గుండెదాకా పోగలదు. అప్పుడు పశువు మేత మానుతుంది, పాలు ఒక్కసారిగా తగ్గుతాయి, మోచేతులు పక్కకు పెట్టి నిలబడుతుంది, పల్లానికి దిగడానికి జంకుతుంది, గంగడోలు వాస్తుంది. అంతవరకు వచ్చాక వైద్యం చేసినా దక్కించుకోవడం కష్టం. తీగముక్కలు, మేకులు, విరిగిన బ్లేడుముక్కలు, అన్నీ ఒకటే.

అందుచేత మన చాకు విరిగి ముక్కలయ్యేది కాకూడదు. అంతేకాదు, చాకుతో కోసిన ప్రతి ముక్క జేబులోకి పోవాలి. దాణా బస్తా కుట్టును అడ్డదిడ్డంగా కోయకండి. ఒక కొస తెంపి లాగితే దారమంతా ఒకటిగా ఊడివస్తుంది. యంత్రంతో కట్టిన గడ్డికట్టల పురికొస కోసినప్పుడు కట్టకు ఎన్ని వరుసలు ఉన్నాయో అన్నీ చేతికి వచ్చాయో లేదో లెక్క చూసుకోండి. ప్లాస్టిక్ దారం పొట్టలో అరగదు.

ఆ ఒక్క నిమిషంలో ఏం చేయాలి

ఉరిపడిన పశువు దగ్గరికి కొమ్ములకు, కాళ్ళకు అందకుండా పక్క నుంచి వెళ్ళండి. మొదట కొయ్య వద్ద ముడి కొస లాగండి. రాకపోతే విప్పుతూ కూర్చోకండి. కొయ్యకూ మెడకూ మధ్య బిగిసి ఉన్న తాడును, కొయ్యకు దగ్గరగా, పశువుకు దూరంగా కోయండి. బిగిసిన తాడు తేలిగ్గా తెగుతుంది. నొక్కి ఉంచకుండా ముందుకూ వెనక్కూ లాగి కోయండి. తాడు తెగగానే పశువు ఒక్కసారిగా పడుతుంది, లేదా లేస్తుంది. అది పడే వైపు మీరు ఉండకండి. మెడలో ఉచ్చు ఇంకా బిగిసే ఉంటే బ్లేడును పడుకోబెట్టి తాడు కిందికి దూర్చి, పదును బయటి వైపుకు తిప్పి పైకి కోయండి. పదును ఎప్పుడూ చర్మానికి ఎదురుగా ఉండకూడదు. మొండిమొన విలువ అక్కడ తెలుస్తుంది.

పాత పలుపును గాడికి బిగించికట్టి, ఇంటిల్లిపాదీ ఒక్కొక్కసారి కోసి అలవాటు చేసుకోండి.

చాకుతో చేయకూడని పనులు

చాకు చేతిలో ఉన్నవాడికి ప్రతిదీ కోయాలనిపిస్తుంది. అందుకే ఇవి గట్టిగా చెబుతున్నాను. దూడ బొడ్డుతాడును జేబుచాకుతో కోయకండి. మామూలుగా అది దానంతట అదే తెగుతుంది. తెగకపోతే నీళ్ళలో మరగబెట్టిన కత్తెరతోగాని, కొత్త బ్లేడుతోగాని, రెండంగుళాల దూరంలో దారం కట్టి కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. మురికి చాకు తగిలితే బొడ్డువాపు, కీళ్ళవాపు, ధనుర్వాతం రావచ్చు. కడుపుబ్బరం వచ్చిన పశువు డొక్కలో చాకు పొడవకండి. దానికి డాక్టరు దగ్గర గొట్టంతో కూడిన ప్రత్యేక పరికరం ఉంది. చాకుతో పొడిస్తే పొట్టలోనిది పేగుల చుట్టూ చిమ్మి చీము పడుతుంది. వేలాడే మాయను కోయకండి, లాగకండి. చనుమొన రంధ్రంలో ఏదీ దూర్చకండి. గడ్డలు కోయకండి.

అన్నిటికంటే ముఖ్యం. పశువు ఉన్నట్టుండి చచ్చిపోయి, ముక్కునుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతూ ఉంటే అది దొమ్మ కావచ్చు. ఆ కళేబరం మీద చాకు పెట్టకండి, చర్మం ఒలవనివ్వకండి. కోస్తే ఆ క్రిములకు గాలి తగిలి గట్టి గింజలవంటి రూపం పొందుతాయి. ఆ రూపంలో అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. మనుషులకూ ఆ రోగం వస్తుంది. వెంటనే పశువైద్యునికి కబురు పంపండి.

ఇక చివరిది. కొట్టంలో తిరిగే చాకుతో మామిడికాయ కోసుకుని తినకండి. పాలక్యాను మూత తీయడానికి చాకు దూర్చకండి. మూతకు గంటు పడితే అందులో మురికి చేరి పాలు విరుగుతాయి.

చట్టం మాట

చాకు ఉంచుకుంటే పోలీసులు పట్టుకుంటారేమోనని కొందరి సందేహం. 2016 ఆయుధ నియమాల్లో ఆయుధాలుగా పేర్కొన్న కత్తులు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గాని, రెండు అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న బ్లేడు గలవి. ఇంటిపనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవాటిని అందులోనుంచి మినహాయించారు. మన మూడంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. అయినా న్యాయస్థానానికి, పెద్ద సభలకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వదిలి వెళ్ళండి. విమానంలో చేతిసంచిలో అనుమతించరు. తగవు జరిగేచోట చాకు జేబులోంచి బయటికి రాకూడదు. అది పనిముట్టు, ఆయుధం కాదు.

సాన, నూనె, అలవాటు

వారానికొకసారి చాకును సబ్బునీళ్ళతో కడిగి, కీలులో చేరిన తవుడు, గడ్డిపోచ పుల్లతో తీసి, గుడ్డతో తుడిచి ఎండలో కాసేపు పెట్టండి. కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. నెలకొకసారి సానరాయి మీద, రాయికి బ్లేడుకు మధ్య కొద్దిపాటి సందు ఉంచి, రెండు వైపులా సమానంగా రుద్దండి. పదును వచ్చిందా అని వేలితో చూడకండి, కాగితం అంచు కోసి చూడండి. మొద్దు చాకు కంటే పదును చాకు క్షేమం. మొద్దు చాకుకు బలం ఎక్కువ పెడతాం, బలం పెట్టినచోటే చెయ్యి జారుతుంది. పిల్లలకు అందనిచోట పెట్టండి.

ఒక మనవి

సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు చివరిగా ఒక మనవి. ప్రతి పాల కేంద్రంలోనూ తూకం బల్ల పక్కన మేకుకు, ఎర్రదారంతో ఒక లాకు చాకు వేలాడదీయండి. కేక వినిపిస్తే ఎవరు ముందు పరుగెత్తితే వారు అందుకుంటారు. పదునుందా, కీలు తిరుగుతోందా అన్నది పాలకవర్గ సమావేశం రోజున ఒకరు చూసి చెప్పాలి. దానికి అయ్యే ఖర్చు దాణా బస్తా ఖర్చులో ఏ మూలకు రాదు. సభ్యులందరికీ కలిపి కొంటే ధర ఇంకా తగ్గుతుంది. మన సహకారం పాలు అమ్ముకోవడానికే అని ఎవరన్నారు?

ఆ పెయ్య పోయిన తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా చాకు లేకుండా ఏ ఊరికీ వెళ్ళలేదు. ఇప్పుడూ నా జేబులో ఉంది. దానితో ఇంతవరకు రెండు పశువుల పలుపులు కోశాను. రెండూ లేచి నిలబడ్డాయి. ఆ మొదటిది మాత్రం లేవలేదు.

ఈసారి పట్నం వెళ్ళేటప్పుడు పలుపు ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళండి.